బ్లూ తేలిన చోట

విరిగింది శనివారం, పేమెంట్ల వేళ.
రాయి కాదు, బొమిక కాదు,
ఆటోనగర్ సందు చివర ఖాదర్ కొనుక్కొచ్చిన
పావుకిలో చెకోడీల్లో ఒకటి.
తీసి అరచేతిలో పెట్టుకుని చూశాను.
దవడపన్నుకి ఒక మూల గోడ.
కాలిపర్‌తో కొలుస్తుంటే ఖాదర్ నవ్వాడు.
నాలుగు మిల్లీమీటర్లు, పైన చిల్లర.

"పీకించెయ్ ఏసోబన్నా, ఐదొందలతో పోద్ది"
టీ బంకు దగ్గర అందరిదీ ఒకటే మాట.
ముప్ఫై ఏళ్ళుగా నేను లారీ ఓనర్లతో ఏమన్నాను?
పారెయ్యకండి సార్, షాఫ్టు బతికే ఉంది,
అరిగిన చోట వెల్డింగ్ పోసి సైజుకి తిప్పిస్తాను.
అన్నది ఈ నోరే.

సూర్యారావుపేటలో మేడమీద క్లినిక్కు.
డాక్టర్ వింధ్యగారు
టూల్‌బిట్ కంటే సన్నటి కొక్కెంతో గీరి చూసి చెప్పారు:
"క్యాప్ అంటే చుట్టూరా అరగదీయాలి, మంచి పన్నూ పోతుంది.
గుంటలోకి దిగి కూర్చునేది ఇన్‌లే.
మీకు అంచు కూడా పోయింది కదా,
అంచుమీదికెక్కి కూర్చునేది వెయ్యాలి, ఆన్‌లే.
ల్యాబ్‌లో చేయించి అతికిస్తాను."
బుష్ అన్నమాట, అన్నాను నోరు తెరుచుకునే.
ఆమెకి ఆవలింతలా వినపడి ఉంటుంది.

తొమ్మిది వేలు. రెండు సిట్టింగులు.
మోత వింటే ఏ మిషనైనా స్పీడు చెప్పేవాణ్ణి,
ఇది చెవికి అందలేదు.
లేతు ముందు నిలబడేవాణ్ణి
చక్‌లో బిగించిన ముక్కనయ్యాను.
కూలెంటులా నీళ్ళు,
నా పన్ను రజను నా నాలుకమీదే.

నడుమ ఆపి అడిగారు,
"రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతారా? అరుగుదల బాగా ఉంది."
సువార్త ఎప్పుడూ అనేదే.
పగలు షెడ్డులో ఒక మిషను, రాత్రి మంచంలో ఇంకోటి.
"ఏదైనా దిగులా?"
లేదని తలూపాను.

ఇబ్రహీంపట్నం దాటాక, తెల్లారగట్ల,
నేను వెల్డింగ్ పోసిన షాఫ్టు రెండు ముక్కలైంది.
డ్రైవరు బతికాడు,
ఎడమకాలు మోకాలి దాకానే.
పన్నెండేళ్ళయింది. ఎవరూ నా పేరెత్తలేదు.
ముక్కలు రెండూ నా బెంచీ కిందే ఉన్నాయి, గోనెలో.
గ్యారంటీ అన్నాను ఆ రోజు,
నలుగురికీ వినపడేలా.

వారానికి ల్యాబ్ నుంచి వచ్చింది,
దూదిమీద బియ్యపు నూకలాంటి ముక్క.
అమర్చి, అతికించి,
పైపన్నుకీ కిందిపన్నుకీ మధ్య నీలం కాగితం పెట్టి
"కొరకండి. అటూ ఇటూ జరపండి" అన్నారు.

కొరకడం మర్చిపోయాను.
బేరింగ్‌కి బ్లూ రాసి, షాఫ్టు తిప్పి,
నీలం తేలినచోట గీరి, మళ్ళీ రాసి, మళ్ళీ గీరి…
మా నాగూర్ మేస్త్రి చెంపమీద కొట్టి నేర్పిన విద్య
ఈమెకెవరు చెప్పారు?

ఎత్తుగా ఉన్నచోట చుక్క పడింది.
వెంట్రుకవాసి తాకించారు మిషను.
మళ్ళీ కాగితం. మళ్ళీ చుక్క.
బయట బెంచీమీద ఆరుగురు కూర్చునున్నారు,
ఒకావిడ గడియారం చూసుకుంటోంది.
ఐదుసార్లు.
ఆ షాఫ్టుకి నేను రెండుసార్లే చూశాను,
పార్టీ హారన్ కొడుతున్నాడని.

"ఎన్నాళ్ళుంటుందమ్మా?"
"పదేళ్ళు రావచ్చు, ఇంకా రావచ్చు.
చెప్పలేనండీ, కొరికే మనిషిని బట్టి."

చెప్పలేనండీ.
మెట్లు దిగుతూ రెండుసార్లు అనుకుని చూశాను ఆ మాట.
నా నోటికి కొత్తది,
ఎక్కడో ఎత్తు తగులుతోంది.

షెడ్డులో ఖాదర్ సెల్‌ఫోన్ లైటేసి వెతికాడు.
"ఏదన్నా? కనపడట్లేదే!"
నా నాలుకకి మాత్రం తెలుస్తోంది అతుకు,
గోరంత కూడా లేదు, అయినా తెలుస్తోంది.

ఆ రాత్రి రెండింటికి సువార్త తట్టి లేపింది.
మళ్ళీ నడుస్తోందిట.
దవడ వదులు చేసి పడుకున్నాను,
బెంచీ కింద గోనె కళ్ళలో మెదులుతుంటే.